ఉప్పు మలుపు దగ్గర బండి ఎందుకు నెమ్మదిస్తుంది

రాయగడ నుంచి పార్వతీపురం పోయే సంత బండి, జిమిడిపేట ఇంకా రాకముందే, ఒక కొండకోతలో మనిషి నడకకి దిగిపోతుంది. అక్కడ స్టేషను లేదు, గేటు లేదు, వంతెన లేదు. బండి నెమ్మదిగా పోనివ్వమని డ్రైవరుకి చెప్పే కాషన్ బోర్డు ఒకటి ఉంది, అంతే. దాన్ని పాతించినవాణ్ణి నేనే.

నా తర్వాత ఆ లైనుకి ఇనస్పెక్టరుగా వచ్చిన అబ్బాయి మొన్న మా ఇంటికి వచ్చేడు. బాగా చదువుకున్నవాడు, పెద్దా చిన్నా తెలిసినవాడు. కాఫీ తాగి, మెల్లగా అసలు సంగతి ఎత్తేడు. పట్టాలు దిట్టంగా ఉన్నాయట, కొండ మీంచి రాళ్లు పడిన జాడ ఏమీ కనబడలేదట, ఆ బోర్డు తీయించేస్తే బండికి నాలుగు నిమిషాలు కలిసొస్తాయట. తీయించే ముందు నేను రాసేది ఒకసారి చదవమన్నాను. ఏం రాస్తారండీ అన్నాడు. ఆ బోర్డు సంగతి రాస్తే నా ఉద్యోగం సంగతి రాసినట్టే అన్నాను.

నా జీతం ఎప్పుడు పెరిగింది, ఏ దొర ఎలా మెచ్చుకున్నాడు అన్నవి ఇందులో వెతక్కండి. వాటిని మా ఆవిడే వినదు, ఇంక మీరేం వింటారు!

ఎద్దులు వేసిన దారి

మా నాన్నగారు కోరాపుట్‌లో సంస్థానం కచేరీ గుమాస్తా. మా వాళ్లు విజయనగరం వైపు నుంచి కొండెక్కినవాళ్లు. నా చిన్నతనంలో ఘాటు దారిన ఎద్దుల బిడారులు వచ్చేవి. బ్రింజారీలు, అంటే లంబాడీ వర్తకులు, వాటి వీపుల మీద గోనెల్లో ఉప్పు వేసుకుని సముద్రం పక్క నుంచి ఎక్కేవారు. దిగేటప్పుడు చింతపండు, పసుపు, నువ్వులు తీసుకుపోయేవారు. వానలకి దారి తెగితే మా ఇంట్లో ఉప్పు గిన్నె అటక మీదికి పోయేది. కొండ ఊళ్లలోనైతే ఉప్పు లేని అంబలితోనే రోజులు గడిపేవారు. సముద్రం ఒడ్డున పుట్టినవాళ్లకి ఉప్పు కోసం మనిషి ఎంత దూరం నడుస్తాడో తెలియదు. నాకు ఆ సంగతి అక్షరాల కంటే ముందే తెలిసింది.

రైలు మా వైపు ఒక్కసారిగా రాలేదు. విజయనగరం నుంచి బొబ్బిలి, బొబ్బిలి నుంచి పార్వతీపురం దాకా వచ్చి, ఎదురుగా కొండల్ని చూసి కొన్నాళ్లు చతికిలబడింది. ఆ తర్వాత గుమడ, కూనేరు, జిమిడిపేటల మీదుగా రాయగడ ఎక్కింది. రాయగడ దాటి తెరుబలి మీదుగా రాయపూరు దాకా కలవడం నిన్నమొన్నటి మాట.

కొండల్లో కొలతలు జరిగేటప్పుడు నేను కొలత గొలుసు పట్టుకునే కుర్రవాణ్ణి. నా మొదటి పైఅధికారిని కూలీలు గొడుగు దొర అనేవారు. ఎండ లేకపోయినా గొడుగు వేసుకునేవాడు. కోపిష్టి. కూలీల్ని నోటికొచ్చినట్టు తిట్టేవాడు, అది నాకు అప్పుడూ నచ్చలేదు, ఇప్పుడూ నచ్చదు. కాని దారి చూడటంలో అంతటివాణ్ణి మళ్లీ చూడలేదు. కొత్త లోయలోకి దిగితే ముందు కొలత యంత్రం తీసేవాడు కాడు. ఒక రాయి మీద కూర్చుని, పూటంతా బిడారు ఎద్దుల్నీ, కావిళ్ల మనుషుల్నీ చూస్తూ ఉండేవాడు. బరువు మోసేవాడు ఎక్కడ వంకర తిరుగుతాడో పట్టా అక్కడే వంకర తిరగాలి అనేవాడు. ముందు ఎవరు నడుస్తున్నారో చూడు, ఏం మోస్తున్నారో చూడు, కొలత తర్వాత అనేవాడు.

అందుకే మీరు రాయగడ నుంచి కిందికి వచ్చేటప్పుడు లైను అన్ని మెలికలు తిరుగుతుంది. చాలాచోట్ల పాత ఉప్పు దారి పట్టాలకి కూతవేటు దూరంలోనే ఉంటుంది. రైలు కంపెనీ లైను వేసిందని పుస్తకాల్లో రాసుకున్నారు. ఎద్దులు వేసిన దారికి కంపెనీ ఇనుము తొడిగిందని నేనంటాను.

సంత బండి

రాయగడ సంత రోజున పొద్దున్న ఒకటి, సాయంత్రం ఒకటి ప్రత్యేకంగా బండి వేసేవారు. పాత చిన్న ఇంజను, వెనక నాలుగు మూడో తరగతి పెట్టెలు. పిట్ట కొంచెం కూత ఘనం. లోయలోని కొండజాతులు, జాతాపు వాళ్లు, కోందు వాళ్లు, పొద్దున్న పసుపూ అడ్డాకులూ వేసుకుని ఎక్కేవారు, సాయంత్రం ఉప్పూ ఎండుచేపా పట్టుకుని దిగేవారు. వెనకటికి రెండు రోజులు నడిచిన దారి ఒక్క పూటలో తెమిలిపోయేది. ఎక్కడానికి మొదట భయపడ్డవాళ్లే తర్వాత కిటికీ దగ్గర చోటు కోసం పోట్లాడుకునేవారు.

ఆ బండి డ్రైవరు పైడయ్య. బొబ్బిలి దగ్గరివాడు. బొగ్గు వేసే పని నుంచి మొదలుపెట్టి ఇంజను పిడి పట్టేదాకా వచ్చినవాడు. వాళ్ల పేటలో అంతవరకు అలా ఎవరూ రాలేదు. నెత్తికి శుభ్రమైన తలపాగా చుట్టి ఇంజను ఎక్కేవాడు, దిగేటప్పటికి అది నల్లబడి ఉండేది, మర్నాటికి మళ్లీ తెల్లగా ఉండేది. వాళ్ల ఆవిడ ఆ తలపాగా ఉతికి ఆరేస్తే పేటలో అందరికీ కనబడేలా ఆరేసేదట. నాకు చెప్పినవాడు పైడయ్యే, కొంచెం సిగ్గుపడుతూ, చాలా గర్వపడుతూ.

అలాంటివాడి బండి కింద, ఆ కొండకోత మలుపులోనే, పశువులు పడటం మొదలైంది. ముందు ఒక ఆవు. కొన్నాళ్లకి దూడ. ఆ పైన మంచి దుక్కిటెద్దు. ప్రతిసారీ సంత రోజే, ప్రతిసారీ సాయంత్రం బండే. పక్క ఊరివాళ్లు పట్టాల మీద బండలు పెడతామన్నారు. వాళ్ల కడుపుమంట వాళ్లది. ఎద్దు పోతే ఏడాది దుక్కి పోయినట్టే.

బండ్ల రాకపోకలు చూసే అధికారిని మేము గడియారం దొర అనుకునేవాళ్లం. మాట్లాడేటప్పుడు మన మొహం కాదు, చేతిలో గడియారం చూసేవాడు. డ్రైవరు కునుకుతున్నాడో, తాగుతున్నాడో అని తేల్చేశాడు. ఇంకొక్క పశువు పడితే పైడయ్య ఇంజను దిగిపోవాలి, షెడ్డులో మళ్లీ బూడిద ఎత్తాలి అన్నాడు. పట్టాల వైపు నుంచి తప్పేమైనా ఉందేమో చూడమని ఆ పని, అప్పటికి ఆ లైనుకి ఇనస్పెక్టరునైన నాకు అప్పగించేరు.

పైడయ్య నా దగ్గరికి వచ్చి, తలపాగా తీసి చేతిలో పట్టుకుని నిలబడ్డాడు.

"నాను తాగనండి. కునుకు తియ్యనండి. మలుపు తిరిగేసరికి ఆటి మొకాలు కింద రాళ్లలో ఉంటాయి బాబూ. ఎంత కూతేసినా తలెత్తవు. ఏటి సెయ్యమంటారు?"

ఆ మాట నన్ను పట్టుకుంది. కూతకి బెదరని పశువు ఎక్కడుంటుంది?

రాయి రుచి

మర్నాడు ట్రాలీ మీద ఆ మలుపుకి వెళ్లేను. రెండు పక్కలా కొండకోత. మధ్యలో కంకర, పట్టాలు. గడ్డిపరక లేదు, నీటి చెమ్మ లేదు. పశువు అక్కడికి ఎందుకు దిగాలి? కంచె వేయిస్తే సరిపోతుందని మా మేస్త్రీ అన్నాడు. సరిపోవచ్చు, కాని ఎందుకో తెలియకుండా కంచె వేస్తే నాకు నిద్ర పట్టదు.

ఆలోచిస్తుంటే ఒకటి తోచింది. వానాకాలంలో ఒక్క పశువూ పడలేదు. పడినవన్నీ మంచుకాలం, ఎండాకాలం. వానల్లో ఇంకా మబ్బు, ఇంకా జారుడు, అప్పుడు పడాలి కదా న్యాయంగా. కూర్చుని కంకర వైపు చూశాను. కొన్ని గజాల మేర రాళ్లు మిగతావాటిలా దుమ్ము పట్టి లేవు. ఎవరో తుడిచినట్టు నున్నగా ఉన్నాయి. ఒక రాయి తీసి, అటూ ఇటూ చూసి, నాలిక మీద పెట్టుకున్నాను.

మా ట్రాలీవాళ్లు మొహాలు పక్కకి తిప్పుకుని నవ్వుకున్నారు. ఇనస్పెక్టరు బాబుకి ఎండదెబ్బ తగిలిందని రాయగడ అంతా చెప్పుకున్నారట. చెప్పుకోనీ. రాయి ఉప్పగా ఉంది.

కొండ పశువుకి ఉప్పంటే ప్రాణం. ఆ కొండల్లో ఉప్పు నేల లేదు, గొడ్డుకి వేసేంత ఉప్పు ఎవరింట్లోనూ లేదు. మేత నుంచి మళ్లే వేళ ఆ రుచికి అవి కోతలోకి దిగుతున్నాయి. ఇంటికి మళ్లే వేళా, సంత బండి వేళా ఒకటే. వానాకాలంలో ఉప్పు కరిగిపోతుంది కనక రావు. ఇంతవరకు తెలిసింది. మరి మనుషులు అటక మీద దాచుకునే ఉప్పుని పట్టాల మీద పోసినవాడెవడు?

కిటికీలోంచి చేతులు

వచ్చే సంతకి నేనూ సాయంత్రం బండిలో మూడో తరగతి పెట్టెలో కూర్చున్నాను. నా ఎదురుగా గుమడ దగ్గరి జాతాపు ఆవిడ, సుక్కమ్మ. ఒళ్లో ఉప్పు మూట. బండి కూత వేసి మలుపు తిరుగుతుండగా ఆవిడ మూట విప్పి, పిడికిలి నిండా ఉప్పు తీసి, ఏదో గొణుక్కుంటూ కిటికీలోంచి బయటికి విసిరింది. చూద్దును కదా, పెట్టె పొడుగునా అలాంటి చేతులే. కొన్ని విసురులు గట్టు మీదికి పోతే, కొన్ని గాలికి వెనక్కి కొట్టుకుని పెట్టెల కిందికే పోతున్నాయి.

ఎందుకమ్మా అని అడిగేను. ఇంత తెల్లబట్టలవాడికి ఇది తెలియకపోవడమేమిటన్నట్టు చూసింది.

"మా అమ్మినిచ్చిన ఊరు బాబూ అది. ఉప్పట్టుకుని ఇయ్యపోళ్ల పొలిమేర దాటీటప్పుడు ఆళ్ల పాలు ఆళ్లకియ్యాల. నడిసినప్పుడు గుమ్మంలో పోసీవోళ్లం, రాత్రికి తొంగునీవోళ్లం. బండి ఆగదు గదా. పొలిమేరలో ఇసిరీస్తే ఇచ్చినట్టే."

కూతుర్ని ఆ మలుపు పక్క ఊళ్లో ఇచ్చారట. ఉప్పుతో వియ్యాలవారి ఊరో చుట్టాల ఊరో దాటిపోయి, వాళ్లకి ఇవ్వకపోతే ఆ చుట్టరికం తెగిపోయినట్టేనట. దాటేటప్పుడు చెయ్యి ఖాళీగా ఉంటే తప్పులేదు. ఉప్పు ఉంటే మాత్రం ఇచ్చి తీరాలి. సంతకి వచ్చే ఊళ్లలో చాలామందికి ఆ పొలిమేరలో ఒక ఆడపిల్లో, ఒక మేనల్లుడో ఉన్నారు.

అల్లుడుగారు బాగున్నారా అని మాట వరసకి అడిగేను. ఆవిడ మొహం చిన్నదైపోయింది. మంచి ఎద్దు ఒకటి మొన్న రైలు కింద పోయిందని, దుక్కికి ఏం చేస్తారో అని, అందుకే తన పాలు ఈసారి కొంచెం ఎక్కువ విసిరేనని చెప్పింది.

ఇంత చదువుకున్న మేమంతా ఆ డ్రైవరు మీద పడ్డాం. తిలాపాపం తలా పిడికెడు అంటారే, ఇక్కడ పాపం కూడా కాదు, తలా పిడికెడు ప్రేమ. అది వెళ్లి వాళ్ల ఎద్దునే చంపింది.

పైడయ్య మాట

ఉన్నది ఉన్నట్టు పైకి చెబితే పైడయ్య బయటపడతాడు. కాని పట్టాల మీద ఏదైనా విసరడం నేరం. గడియారం దొర సంగతి నాకు తెలుసు. పోలీసుల్ని పెట్టెల్లో కూర్చోబెడతాడు, లేదా సంత బండే తీసేస్తాడు. అంతకంటే పెద్ద భయం నాది ఇంకొకటి. ఫలానావాళ్ల ఉప్పు ఫలానావాళ్ల ఎద్దుని చంపిందని లోయలో పాకితే, ఎన్ని చుట్టరికాలు తగవులవుతాయి? ఆ సుక్కమ్మ ఏమైపోతుంది?

పైడయ్యని పిలిచి అంతా చెప్పేను. అతను గొప్ప త్యాగం చేస్తాడని మీరు ఎదురుచూస్తే నిరాశపడతారు. "సెప్పీండి బాబూ" అన్నాడు వెంటనే. నాకు పిల్లలున్నారు, పేటలో తలెత్తుకోలేకపోతున్నాను, వాళ్ల చుట్టరికాలు వాళ్లు చూసుకుంటారు అన్నాడు. న్యాయమే. అతని బదులు నేనున్నా అదే అందును. వచ్చే సంత ఒక్కటీ ఆగమన్నాను. ఆ ఒక్క సంతలో పశువు పడితేనో అన్నాడు. ఆ పూట నేనూ నీతో ఇంజను మీదే ఉంటానన్నాను.

ఇంటికి వచ్చి చాలాసేపు గొడుగు దొరని తలుచుకున్నాను. ఎవరు నడుస్తున్నారో చూడు, ఏం మోస్తున్నారో చూడు. చూశాను. బరువు మోసేవాడు ఎక్కడ ఆగితే పట్టా అక్కడ ఆగాలి. బండిని ఆపే అధికారం నాకు లేదు. కాని పట్టాలకి చేటు ఉందనిపిస్తే, నెమ్మదిగా నడిపించే అధికారం ఇనస్పెక్టరుకి ఉంది.

బోర్డు

కొండకోత అన్నాక రాళ్లు రాలతాయి. ఇవాళ కాకపోతే రేపు. కాబట్టి నేను రాసి పంపినది అబద్ధం కాదు. రాళ్లు పడే చోటు, బండి మనిషి నడకన పోవాలి అని రాసి, బోర్డు పాతించేను. నున్నటి కంకర తీయించి కొత్త కంకర పోయించేను. తర్వాత ఆ పొలిమేర ఊరికి నేనే నడిచి వెళ్లేను. ఉప్పు సంగతీ, ఎద్దు సంగతీ కలిపి చెప్పలేదు. సంత రోజున బండి ఇక్కడ నెమ్మదిగా పోతుంది, మీ చుట్టాలు చేతికిస్తారు, గట్టు మీద నిలబడి అందుకోండి, పశువుల్ని మాత్రం ఆ వేళకి అటు తోలకండి అని చెప్పేను. సుక్కమ్మకీ, ఆమెతో వచ్చే ఆడవాళ్లకీ సంతలోనే చెప్పేను, విసరవద్దు, చేతికివ్వండని.

ఆ సంత సాయంత్రం నేను పైడయ్యతో ఇంజను మీదే ఉన్నాను. మలుపులో అతను ఆవిరి తగ్గించేడు. గట్టు మీద ముసలీ ముతకా, పిల్లలూ, చేతుల్లో ఆకు దొప్పలు. కిటికీల్లోంచి చేతులు వచ్చేయి, దొప్పల్లో ఉప్పు పడింది. ఒకావిడ బండితోపాటు నడుస్తూ తల్లిని కష్టసుఖాలు అడిగేసింది. ఇంకెవరో పసిపిల్లని ఎత్తి చూపించేరు. పట్టాల మీద ఒక్క పశువు లేదు.

పైడయ్య వెనక్కి తిరిగి చూసి, "ఇంజను నడపమన్నారా, ఇయ్యపోళ్ల మర్యాదలు సెయ్యమన్నారా?" అన్నాడు. అంటూనే కూత మాత్రం వేశాడు, చిన్నగా, పిల్లలు నవ్వేటట్టు. ఆ తర్వాత అతని బండి కింద పశువు పడలేదు. ఇంజను పిడి అతని చేతిలోనే ఉండి, అతను వదిలిన రోజునే వదిలింది.

గడియారం దొర ఊరుకోలేదు. నాలుగు నిమిషాలు ఎక్కడికి పోతున్నాయో చూస్తానని ఒక సంత రోజు వచ్చేడు. మలుపు దగ్గర తల బయటపెట్టి అంతా చూశాడు. రాళ్లు ఎక్కడ రాలుతున్నాయి అని నన్ను అడిగేడు. కొండ వైపు చూపించేను. ఆయన కొండ వైపు చూడలేదు. దొప్ప పట్టుకుని బండి పక్కన నడుస్తున్న ముసలాయన్ని చూస్తూ, గడియారం మూత మూసి జేబులో వేసుకున్నాడు. తర్వాత వచ్చిన వేళల పట్టికలో ఆ నాలుగు నిమిషాలు కలిపి ఉన్నాయి. ఎవరినీ ఒక్క తప్పుని బట్టి తేల్చేయకూడదని ఆయన దగ్గరే నేర్చుకున్నాను.

మొన్నటి సంత

ఇప్పుడు కొత్త రాష్ట్రం వస్తుందంటున్నారు, రాయగడా కోరాపుట్టూ అందులోకి పోతాయట, పార్వతీపురం ఇటే ఉండిపోతుందట. గీత ఎక్కడ గీసినా ఉప్పు రెండు వైపులా కావాలి. ఈ రాతలు మొదలుపెట్టేక నాకొక సందేహం వచ్చింది. ఇన్నాళ్లు దాచిన మాట కాగితం మీద పెట్టవచ్చా? మొన్నటి సంతలో సుక్కమ్మని వెతికి పట్టుకున్నాను. జుట్టు నెరిసింది, చూపు తగ్గింది, ఉప్పు మూట మాత్రం అదే ఒళ్లో ఉంది. బోర్డు గురించి రాస్తున్నానని చెప్పి, అసలు సంగతి ఎలా చెప్పాలో తెలియక నీళ్లు నమిలేను. ఆవిడే అందుకుంది.

"ఆ ఎద్దుని పిలిసింది నా ఉప్పేనని నాకు తెల్దేటి బాబూ? ఇసరొద్దని మీరన్న నాడే తెలిసీసింది. ఆ వారమే మా ఇంటెద్దుని తోలుకెల్లి అల్లుడి సాలలో కట్టీసినాను. ఏటికని ఆళ్లడగనేదు, నాను సెప్పనేదు."

మరి మీ దుక్కి అన్నాను. ఆ ఏడు దుక్కి లేదంది. కొండ మీద పోడు కొట్టుకుని సామలు చల్లుకున్నారట. అందులో చెప్పుకోడానికేముందన్నట్టు చెప్పింది. అన్నేళ్లూ ఆవిడకి తెలియకుండా కాపాడుతున్నాననుకున్నాను నేను. నాకు సిగ్గూ వేసింది, కళ్లమ్మట నీళ్లూ వచ్చేయి.

రాసుకోనా అంటే రాసుకోమంది. కాబట్టి ఇనస్పెక్టరు నాయనా, ఆ బోర్డు పట్టాల కోసం కాదు. తీయించాలనుకుంటే నీ ఇష్టం, ఇప్పుడు లైను నీది. ఒక సంత సాయంత్రం ఆ బండిలో కిటికీ దగ్గర కూర్చుని వెళ్లి రా, వచ్చేక తీయించు.

ఆ రోజు సంతలో నేను లేవబోతుంటే సుక్కమ్మ ఆగమని, మూట విప్పి, పిడికెడు ఉప్పు నా పైపంచె కొంగులో పోసింది. నాకెందుకమ్మా అన్నాను.

"మీ ఇల్లూ నా దారిలోదే గదా బాబూ," అంది.

ఇంటికి తెచ్చి మా ఆవిడకిచ్చేను. ఆ పూట పప్పులో ఆ ఉప్పే వేసింది.